పేరు లేని పన్నెండు బస్తాలు: ఎస్‌క్యూలైట్ మీద నా రివ్యూ

పోయిన మే నెలలో ఓ రోజు పొద్దున్నే మా మావయ్య ఫోన్ చేశాడు. "ఏట్రా, ఈ పన్నెండు బస్తాలు ఎవరివి? పేరు లేదు, ఊరు లేదు." కాశీబుగ్గలో ఆయనకి చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. ఉద్దానం రైతుల దగ్గర పిక్కలు కొని, పప్పు తీయించి అమ్ముతాడు. కొనుగోలు లెక్కల ప్రోగ్రామ్ రాసింది నేనే. 512 ఎంబీ ర్యామ్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దానికి తగిలించిన కాటా, సీ భాషలో నా కోడు, అడుగున లెక్కలన్నీ ఒక ఫైల్లో దాచే ఎస్‌క్యూలైట్ అనే ఉచిత డేటాబేస్. రైతు పేరు ఒక టేబుల్‌లో, బస్తాల తూకాలు ఇంకో టేబుల్‌లో. తూకాలున్నాయి, పేరు మాయం. పైగా చీటీలో ఉన్నవి 18 బస్తాలు.

ముందు ఎస్‌క్యూలైట్‌నే తిట్టుకున్నాను. ఊరికే దొరికేది ఇలాగే ఉంటుంది అనుకున్నాను. డేటాబేస్ ఫైలు పాడైందేమో చూసే ఇంటెగ్రిటీ చెక్ నడిపితే "ఓకే" అంది. అది ఇంకా మండించింది. లాగ్ తెరిస్తే ఆరో బస్తా దగ్గర "ఔట్ ఆఫ్ మెమరీ", ఎర్రర్ నంబరు 7. ఒక చీటీ మొత్తాన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌గా, అంటే ఎక్కితే అన్నీ లేకపోతే ఏదీ లేదన్న కట్టగా, రాస్తాను. చివర్లో దాన్ని ఖాయం చేసే కమిట్ దగ్గర, ఏ ట్రాన్సాక్షనూ నడవడం లేదని ఇంకో ఎర్రర్. మెమరీ ఎందుకు అయిపోయిందో తెలుసు. చీటీల ఫొటోలు నా ప్రోగ్రామ్ తెరిచి వదిలేస్తోంది, ఫ్రీ చేయడం లేదు. బోర్డు మొత్తం బిగుసుకుపోకుండా, ప్రోగ్రామ్ వాడే మెమరీకి యూలిమిట్ అనే లైనక్స్ కమాండ్‌తో హద్దు పెట్టింది కూడా నేనే. తెలియనిదల్లా మెమరీ అయిపోయాక ఏం జరిగిందన్నదే.

ఎస్‌క్యూలైట్ వాళ్లు దీన్ని ఎలా పరీక్షిస్తారో చదివి, అదే పని ఇంట్లో చేశాను. మెమరీ అడిగి తెచ్చే మాలాక్ ఫంక్షన్ స్థానంలో మన సొంత ఫంక్షన్ పెట్టుకోనిస్తుంది ఈ సాఫ్ట్‌వేర్. మొదటిసారి నడిపినప్పుడు మొదటి మాలాక్ ఫెయిలవ్వాలి, రెండోసారి రెండోది, తర్వాత మూడోది. ఒక్క ఫెయిల్యూర్ కూడా తగలకుండా పని పూర్తయ్యేదాకా అలా తిప్పుతూనే ఉండాలి. ఇదంతా రెండు రకాలుగా చేయాలి: ఒక్కసారి మాత్రమే ఫెయిలయ్యి మళ్లీ మామూలైపోవడం ఒకటి, ఫెయిలైన దగ్గర్నుంచి ఇక ఇవ్వనే ఇవ్వకపోవడం రెండోది.

రెండు రాత్రులు పట్టింది, అందులో ఒకటి నా తెలివి వల్ల. బిల్లు సేవ్ అయిందంటే లూప్ ఆపేయమని రాశాను. తీరా చూస్తే మధ్యలో మాలాక్ ఫెయిలైనా బిల్లు సేవ్ అయిపోతోంది! బగ్ దొరికిందని ఎగిరి గంతేశాను. సోర్సు తీసి చూస్తే, వెతుకులాట తొందరగా అవడానికి లోపల పెట్టుకునే హ్యాష్ టేబుల్‌ని పెద్దది చేయడానికి మెమరీ దొరక్కపోతే పాతదానితోనే, కాస్త నెమ్మదిగా, పని కానిచ్చేస్తుందట. ఆ ఫెయిల్యూర్‌ని వాళ్లే "హానిలేనిది" అని గుర్తు పెట్టుకున్నారు. కాబట్టి పని పూర్తయిందా అని కాదు, ఫెయిల్యూర్ తగిలిందా లేదా అని చూసి లూప్ ఆపాలి. ఇంకో మాట, లుక్‌అసైడ్ (ఎస్‌క్యూలైట్ ముందే తీసి పక్కన పెట్టుకునే కాస్త మెమరీ) ఆపేసి నడపండి. లేకపోతే చిన్న చిన్న మెమరీ అవసరాలు దాని జేబులోంచే తీరిపోయి, మన మాలాక్ దాకా రావు.

ఇన్ని తిప్పుళ్లలో ఒక్కసారి కూడా అది క్రాష్ కాలేదు, ఫైలు పాడు కాలేదు. 3.42 వెర్షన్ నాటికి అసలు కోడుకి 590 రెట్లు టెస్టు కోడు ఉందని వాళ్లు రాసుకుంటే గొప్పలు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

మరి మన బస్తాల సంగతి? మెమరీ దొరకనప్పుడు ఎస్‌క్యూలైట్ ఒక్కోసారి ఆ ఒక్క స్టేట్‌మెంట్‌నే వెనక్కి తీసుకుంటుంది, ఒక్కోసారి ట్రాన్సాక్షన్ మొత్తాన్నీ రద్దు చేసేస్తుంది. ఆ రాత్రి ట్రాన్సాక్షన్ మొత్తం రద్దయింది. రైతు పేరు, మొదటి అయిదు బస్తాలు పోయాయి. ఆరోది ఎలాగూ ఎక్కలేదు. ఎర్రర్ పట్టించుకోని నా కోడు మిగతా పన్నెండూ రాసుకుంటూ పోయింది. ట్రాన్సాక్షన్ లేదు కాబట్టి ఏ వరుసకావరుస శాశ్వతంగా సేవ్ అయిపోయింది. బస్తాకి తగ్గ రైతు అవతలి టేబుల్‌లో ఉన్నాడా అని చూసే ఫారిన్ కీ తనిఖీ మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది, నేను చేయలేదు. ఇంటెగ్రిటీ చెక్ అది చూడదు కూడా, దానికి ఫారిన్ కీ చెక్ వేరే ఉంది. ఇవన్నీ డాక్యుమెంటేషన్‌లో ఉన్నాయి. ఎర్రర్ వచ్చాక గెట్ ఆటోకమిట్ అనే ఫంక్షన్‌ని అడిగితే ట్రాన్సాక్షన్ ఉందో పోయిందో చెబుతుందని కూడా ఉంది. చదవని వాడిదే తప్పు. కానీ అంత ముఖ్యమైన సంగతి ట్రాన్సాక్షన్ల పేజీలో ఎక్కడో కింద పెడితే ఎలా బాబూ?

కొనబోయేవాళ్లకి, అంటే ఊరికే తీసుకునేవాళ్లకి, ఒక జాగ్రత్త. లైనక్స్‌లో మామూలుగా మాలాక్ కాదనదు. అడిగినంత ఇస్తానని ఒప్పుకుని, తీరా చేతిలో లేనప్పుడు ప్రోగ్రామ్‌నే చంపేస్తుంది. అప్పుడు ఎర్రర్ నంబరు 7 వచ్చే అవకాశమే ఉండదు, తిరిగి తెరిచినప్పుడు ఎస్‌క్యూలైట్ తన జర్నల్ (సగంలో ఆగిన మార్పుల్ని సరిదిద్దుకోవడానికి రాసుకునే ఫైలు) చూసి సర్దుకోవడమే. హద్దు మనమే పెట్టుకుంటేనే పైన చెప్పిన మర్యాదంతా. నేనిప్పుడు యూలిమిట్‌కి బదులు ఎస్‌క్యూలైట్‌లోనే ఉన్న హార్డ్ హీప్ లిమిట్ ప్రాగ్మా (సెట్టింగు కమాండ్) వాడుతున్నాను. 3.31 వెర్షన్ నుంచి ఉంది. అది ఎస్‌క్యూలైట్ మెమరీకి మాత్రమే హద్దు. నా ఫొటోల లీకేజీకి మందు వేరే వేశాను.

అయిదుకి నాలుగున్నర ఇస్తున్నాను. అర మార్కు ఆ పేజీకి కోత, పిక్కల్లో తేమకి మావయ్య కోసినట్టు. బస్తాలు మందస వైపు నుంచి వచ్చిన రైతువి. చీటీల కట్ట వెతికి, పోయిన ఆరూ మళ్లీ ఎక్కించాం.