బోల్టు మీద పసుపు చుక్క ఉన్న ఫోర్‌వీల్ బాక్సు కొనకండి

పాత మహీంద్రా జీపు ఇంటి దగ్గర బాగుచేసుకుంటున్న వాళ్లందరికీ చెబుతున్నాను. హైవే పక్కనున్న ఆ పాత పార్టుల షెడ్డు పేరు రాయను. శ్రీకాకుళం, విజయనగరంలో జీపు పిచ్చి ఉన్నవాళ్లకి రాయక్కర్లేదు కూడా. అక్కడ ఆకుపచ్చ పెయింటు కొట్టి "రీకండిషన్" అని అమ్ముతున్న ఫోర్‌వీల్ బాక్సు, అంటే ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె, దాని జోలికి వెళ్లకండి. 18,500 ఇచ్చాను, ఆటో కిరాయి వేరే.

బండి ఎంఎం 540. ప్యూజో 2112 సీసీ ఇంజను బాగానే ఉంది. ఛాసిస్ వెల్డింగు అయిపోయింది. మెయిన్ గేర్‌బాక్సు వెనకాల తగిలించే బాక్సొకటే మిగిలింది. అది విల్లీస్ అనే పాత అమెరికన్ జీపుల కాలం నాటి స్పైసర్ 18 రకం.

షెడ్డులో ఫ్లాంజి (చక్రాలకి వెళ్లే షాఫ్టు తగిలించే బిళ్ల) పట్టుకుని తిప్పితే బిర్రుగా తిరిగింది. "సూడు బావూ, కొత్త బాక్సులాగ ఎంత బిర్రుగుందో" అన్నాడు షెడ్డువాడు. నేను తలూపాను. ఇన్నేళ్లు పానాలు పట్టుకున్న నా తలకి అప్పుడు ఏమైందో తెలీదు. కొత్త బాక్సు బిర్రుగా ఉండదు, మెత్తగా తిరుగుతుంది. బిర్రుగా ఉందంటే లోపల ఏదో నొక్కుకుపోతోందని అర్థం.

బండికెక్కించాక నలభై కిలోమీటర్లు కూడా తిరగలేదు, బాక్సు వేడెక్కి మోత మొదలైంది. దించి అడుగు ప్లేటు విప్పితే ఆయిలు చుక్క లేదు. గ్రీజు, గ్రీజులో కలిపిన రంపపు పొట్టు! చూడ్డానికి ఉప్మాలా ఉంది. ఇది పాతకాలపు మోసం. చల్లగా ఉన్నప్పుడు పొట్టు గేరు పళ్ల మధ్య ఇరుక్కుని చప్పుడు మింగేస్తుంది. వేడికి గ్రీజు పలచబడగానే గేరు దాన్ని గోడలకి విసిరేసి, మధ్యలో కాలవ తవ్వుకుని ఎండుగా తిరుగుతుంది. నీడిల్ బేరింగులకి (సూదుల్లాంటి సన్నటి రోలర్లవి) ఏమీ అందదు.

షెడ్డువాడికి ఫోన్ చేశాను. ఇక్కడే ఒళ్లు మండింది.

"ఎవులిప్పమన్నారు? బోల్టు మీద పసుపు సుక్క సూళ్లేదేటి? సుక్క సెదిరితే గ్యారంటీ నేదు."

ఆ చుక్క గురించి అమ్మేటప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు. చుక్క చెదరకుండా బోల్టు విప్పడం బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. అంటే విప్పకపోతే లోపల ఏముందో తెలీదు, విప్పితే గ్యారంటీ పోతుంది. ఎంత చక్కటి గ్యారంటీ! మోత గురించి అడిగితే "పాత బండికి మోత రాక సంగీతం వస్తాదేటి" అన్నాడు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. డబ్బుల కంటే ఆ నవ్వే ఇంకా గుచ్చుకుంటోంది. బిల్లు కూడా తెల్లకాగితం మీద "పాత సామాను, వాపసు లేదు" అని రాసిచ్చింది. 1915 వినియోగదారుల నంబరుకి చేసి ఆ కాగితం ఏమని చూపించను?

ఇక లోపల దొరికిన సరుకు చెబుతాను, విప్పి చూసేవాళ్లకి పనికొస్తుంది.

మొదట ఇంటర్మీడియెట్ షాఫ్టు, అంటే మధ్య గేరు తిరిగే ఇరుసు. ఈ బాక్సులో టూవీల్‌లో వెళ్లినా, హైలో (మామూలు రోడ్డు గేరులో) వెళ్లినా బలమంతా మధ్య గేరు మీదుగానే వెనక షాఫ్టుకి వెళ్తుంది. నేరుగా వెళ్లే దారి లేదు. అందుకే ముందు అరిగేది ఈ షాఫ్టే. ఏజెన్సీలో జనాన్ని కుక్కి సర్వీసు కొట్టిన బండి బాక్సయితే ఇంకా త్వరగా అరుగుతుంది. అంచున అరగని చోట, నీడిల్స్ తిరిగే చోట మైక్రోమీటర్‌తో కొలిస్తే 0.25 మి.మీ. తేడా వచ్చింది. గోరు ఆడిస్తే మెట్టు తగులుతోంది.

రెండు, మధ్య గేరు పక్కలకి జరగకుండా అటూ ఇటూ ఉండే థ్రస్టు వాషర్లు. ఒకవైపు వాషరు చెవి విరిగిపోయింది. అది కేసు గాడిలో కూర్చోక తిరిగి, పోత ఇనుము గోడని గీకేసింది. రెండోవైపు వాషరే లేదు, గుండ్రంగా కత్తిరించిన రేకు ముక్క పెట్టాడు.

మూడు, వెనక షాఫ్టు టేపర్ బేరింగులు. మూత కింద షిమ్ములు (పలచటి రేకులు) వేసి ఎండ్ ప్లే, అంటే షాఫ్టు ముందుకీ వెనక్కీ ఆడే సందు, 0.10 నుంచి 0.20 మి.మీ. మధ్య తేవాలి. ఇతను షిమ్ములన్నీ తీసి గ్యాస్కెట్ పేస్టు పూసి బిగించేశాడు. ఆ బిర్రుతనం రహస్యం ఇదే. బేరింగు నీలంగా కాలిపోయింది.

నాలుగు, రెండు షిఫ్టు రాడ్ల మధ్య ఉండాల్సిన ఇంటర్‌లాక్ బిళ్ల లేదు. అది ఉంటే ముందు ఫోర్‌వీల్ వేయకుండా లో గేరు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) పడదు. లేకపోతే టూవీల్‌లోనే లో పడి, బరువంతా వెనక యాక్సిల్ మీదే పడుతుంది. సాలూరు వైపు ఘాటీ ఎక్కుతుండగా యాక్సిల్ షాఫ్టు తెగితే అప్పుడు తెలుస్తుంది బిళ్ల విలువ.

సీళ్లు మాత్రం కొత్తవి వేశాడు, నిజం ఒప్పుకోవాలి. కారడానికి లోపల ఆయిలుంటే కదా అవి పనిచేసేది.

ఇప్పుడు మళ్లీ కడుతున్నాం. లాకు ప్లేటు తీసి, మధ్య షాఫ్టుని ఇత్తడి కడ్డీతో వెనక్కి తట్టాలి. ఇనుప సుత్తితో కొట్టారో, చివర పుట్టగొడుగులా విచ్చుకుని కేసు రంధ్రాన్ని చెడగొడుతుంది. కొత్త షాఫ్టు కొనేముందు పాతది చేతిలో పట్టుకెళ్లండి. ఈ రకం బాక్సుల్లో ముప్పావు అంగుళం, ఒకటీ ఒకటి బై ఎనిమిది అంగుళాలు, అంగుళంపావు అని మూడు సైజులు వచ్చాయి. ఒకదాని నీడిల్స్ ఇంకోదానికి పట్టవు. తిరిగి ఎక్కించేటప్పుడు గేరు, వాషర్లు కలిసిన పొడవుకే కోసిన చెక్క దుడ్డుని లోపల పెట్టి, నీడిల్స్‌ని కాస్త గ్రీజుతో అంటించి, దాని వెనకే అసలు షాఫ్టు తోస్తే ఏదీ జారదు. ఈ బాక్సులో గ్రీజుకి పనుందంటే అది ఈ ఒక్కచోటే.

ఆయిలు చిక్కదనం 90 నంబరు, రకం జీఎల్-4, సుమారు ఒకటిన్నర లీటరు. పక్క ప్లగ్గులోంచి కారేదాకా పోయాలి. డిఫరెన్షియల్‌కి పోసే జీఎల్-5 మిగిలింది కదా అని పోయకండి, ఇందులో కంచు వాషర్లున్నాయి, వాటిని తినేస్తుంది. మెయిన్ గేర్‌బాక్సు ఆయిలు తగ్గుతూ ఇందులో పెరుగుతోందంటే మధ్య సీలు పోయిందన్నమాట, రెండు ప్లగ్గులూ కలిపి చూడాలి.

కొనేవాళ్లకి ఒక మాట. డబ్బు ఇవ్వకముందే అడుగు ప్లేటూ, వెనక గుండ్రటి మూతా అతని చేతే విప్పించండి. మధ్య గేరుని వేళ్లతో పైకీ కిందకీ ఊపండి, కదలిక చేతికి తెలియకూడదు. తర్వాత వెనక ఫ్లాంజి మీద సుద్దగీత గీసి తిప్పండి. హైలో ఇంజను వైపు గేరు ఒక చుట్టుకి ఫ్లాంజి ఒక చుట్టు, లోలో ఆ గేరు దాదాపు రెండున్నర చుట్లకి ఫ్లాంజి ఒకటి రావాలి. విప్పనంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

నిన్న ఆ షెడ్డువాడు ఇంకో రెండు బాక్సుల ఫొటోలు పెట్టాడు. పెద్దది చేసి చూశాను. అదే ఆకుపచ్చ, అడుగు ప్లేటు బోల్టు మీద అదే పసుపు చుక్క.