జంస్కార్ నదిలో పడవ ప్రయాణం: కాల్వ ఈత వచ్చినోళ్లు ముందు ఇది చదవండి

లడఖ్‌లోని జంస్కార్ నది మీదికి కొన్నేళ్లుగా ఒకే టీమ్‌తో పోయి వస్తున్నాం. హాలియా, మిర్యాలగూడ వైపు నుంచి ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది ఒకటే: "మాకు ఈత వచ్చు, సరిపోతదా అన్నా?" సరిపోదు. సాగర్ ఎడమ కాల్వలో ఎదురీదినోళ్లకు కూడా ఇవి కొత్త నీళ్లే.

కాల్వలో నీళ్లు ఎంత జోరుగా ఉన్నా ఒకే వైపు పోతాయి. ఇక్కడ బండ మీంచి దూకిన నీళ్లు కింద గుంతపడి, మళ్లీ వెనక్కి తిరుగుతాయి. అందులో చిక్కిన పడవ ముందుకు పోదు, వెనక్కి రాదు. ఎగువ నుంచి వచ్చేటప్పుడు ఆ గుంత కంటికి ఆనదు కూడా. నీటి మీద నున్నటి గీత ఒకటి, దాని వెనక అప్పుడప్పుడు పైకి చిమ్మే తుంపర్లు, అంతే. పెద్ద బండల చాటున మాత్రం నీళ్లు మెల్లగా ఎగువకు తిరుగుతుంటాయి. గైడ్లు దాన్ని 'ఎడ్డీ' అంటారు. పడవ ఆపి ఊపిరి పీల్చుకునేది అక్కడే. ఏ గీత వెనక ఏముందో ముందే పసిగట్టే కంటికే మనం డబ్బు కట్టేది. టెంట్లకు, ఫొటోలకు కాదు.

మా గైడ్ నేపాల్ మనిషి, తక్కువ మాట్లాడతాడు. పెద్ద ర్యాపిడ్ (బండల మధ్య నీళ్లు ఉరికే చోటు) వచ్చే ముందు పడవను ఒడ్డుకు తీయించి, అందరినీ బండలెక్కించి చూపిస్తాడు. మా వాడొకడికి హిందీ అంతంతే. "ఏమంటున్నడు బావా?" అని అడిగితే, "ఎడమకు పోతే క్యాంపుకు పోతం, కుడికి పోతే నీళ్లల్లకు పోతం అంటున్నడు" అని చెప్పాను. ఆ తర్వాత వాడు తెడ్డు వేసిన తీరు చూడాలి!

ఒకసారి మధ్యాహ్నం దాటాక గైడ్ మమ్మల్ని నదిలోకి దిగనివ్వలేదు. పగటి ఎండకు కొండల మీది మంచు కరిగి, పొద్దు వాలేసరికి నది పెరుగుతుంది. అందుకే పొద్దున్నే బయల్దేరాలి. ఢిల్లీ నుంచి వచ్చినాయన డబ్బులు దండగ అని గొణిగాడు. గైడ్ మాత్రం బదులు చెప్పకుండా నీటి అంచున ఒక రాయి పెట్టి టీ తాగుతూ కూర్చున్నాడు. కాసేపటికి ఆ రాయి మునిగింది. నాకు ఈ టీమ్ మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

మా వాడు పడ్డాడు కూడా. హెల్మెట్, లైఫ్ జాకెట్, చలికి వేసుకునే రబ్బరు వెట్‌సూట్ అన్నీ ఉన్నా ఆ చల్లదనానికి ఊపిరి బిగుసుకుపోయి కేక కూడా రాలేదు. ముందే నేర్పినట్టు వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువకు పెట్టాడు కాబట్టి బండలకు తల తగల్లేదు. ముందు వెళ్తున్న సేఫ్టీ కయాక్ (పడ్డవాళ్లను పట్టుకునేందుకు వెంట వచ్చే చిన్న పడవ) అతను చిటికెలో వచ్చి పట్టుకున్నాడు. బావిలో బెండు కట్టుకుని నేర్చుకున్న ఈతంతా అక్కడ గుర్తుకే రాలేదట.

నచ్చనివీ ఉన్నాయి. బుకింగ్ ఏజెంట్ పంపిన ఫొటోలో ఇద్దరు కూర్చునే కనూ, అంటే సన్నటి పడవ, ఉంటుంది. అక్కడికి పోయాక కొత్తవాళ్లను రాఫ్ట్, అంటే గాలి నింపిన పెద్ద రబ్బరు పడవ, ఎక్కిస్తారు. అది సరైన పనే, కానీ ముందే చెప్పొచ్చు కదా! లైఫ్ జాకెట్లలో కొన్నింటి బకిల్స్ వదులు, రెండు మూడు మార్చి చూసుకోవాలి. ఇక ఏకాంతం కోసం పోయేవాళ్లు ఆశ తగ్గించుకోండి. నిమ్ము నుంచి పదుమ్ వైపు లోయ వెంబడే రోడ్డు వేశారు, 2024లో రెండు వైపులా కలిసింది. అక్కడి ఊళ్లకు అది ఎంతో అవసరం, కాదనను. కానీ ఒకప్పుడు నీటి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని చోట ఇప్పుడు లారీల మోత.

వెళ్తే ఆగస్టు చివర్లో వెళ్లండి. జులైలో నీళ్లు బురద రంగులో, బాగా ఉధృతంగా ఉంటాయి. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేలా అక్కడ రెండు రోజులు ఊరికే పడుకోండి. విమానం దిగిన మర్నాడే నదిలో దింపుతామనే ప్యాకేజీలు చౌకగా దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. నది కొత్తయితే ముందు చిల్లింగ్ నుంచి నిమ్ము దాకా ఒక్క రోజు ట్రిప్ చేయండి, జంస్కార్ సింధులో కలిసేది అక్కడే. డబ్బు కట్టే ముందు ఏజెంట్‌ను ఒక్కటి అడగండి: సేఫ్టీ కయాక్ వేరుగా వస్తుందా, లేదా? సూటిగా చెప్పకుండా డ్రోన్ వీడియో గురించి మొదలుపెడితే ఫోన్ పెట్టేయండి.