జెడ్డా, ఈవోనా: బరంపురం బేరం

మా బావకి పాత జపాన్ స్పోర్ట్స్ కారు పిచ్చి పట్టింది. రెండు బళ్లు చూసొచ్చాం: నిస్సాన్ 370జెడ్, మిత్సుబిషి ఈవో 10.

జెడ్‌ది 3.7 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల ఇంజిన్), టర్బో లేదు, పవరంతా వెనక చక్రాలకే. సీట్లు రెండే. గోపాల్‌పూర్ బీచికి అత్తయ్యని తీసుకెళ్లడం కుదరదు (బావ దాన్నే లాభం అంటున్నాడు). మాన్యువల్ గేర్లది దొరికితే మేలు, కానీ క్లచ్ పెడల్ నొక్కి చూడండి. కిందికెళ్లి పైకి రాకపోతే ఖర్చు మొదలైనట్టే. క్లచ్‌ని కదిలించే స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ హౌసింగ్ లోపల ఉంటుంది, చిన్న లీకైనా గేర్‌బాక్స్ దించాల్సిందే.

ఈవోది 2 లీటర్ల టర్బో, నాలుగు తలుపులు, నాలుగు చక్రాలకూ పవర్. వానాకాలం తప్తపాణి ఘాట్ రోడ్డులో నా ఓటు దీనికే. ట్విన్ క్లచ్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్సయితే ఆయిల్ మార్చిన బిల్లులు అడగండి, బాగా వేడెక్కేదాకా నడిపి జెర్కులేమైనా వస్తాయేమో చూడండి. పెద్ద స్పాయిలర్ (వెనక రెక్క) చూసి ధర పెంచితే ఒప్పుకోవద్దు. పార్టులకి రెండూ తలనొప్పే. ఈవో తయారీ 2016లోనే ఆగిపోయింది.

వేరే రాష్ట్రం బండయితే ఎన్‌వోసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం) చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. అది లేకపోతే మన ఒడిశా బరంపురం ఓడీ 07 నంబరు రాదు.