లాంగ్‌రీచ్: క్వాంటాస్ రెక్కలు తొడిగిన ఊరు, మమ్మల్ని ఉడికించిన బస

ఆస్ట్రేలియా విమానయాన సంస్థ క్వాంటాస్ మ్యూజియం చూడటానికి ఆ దేశంలోని లాంగ్‌రీచ్‌కు వెళ్లదలచినవారు బస విషయంలో తొందరపడవద్దని ముందుగానే చెబుతున్నాను. బ్రిస్బేన్‌లో రైలెక్కి, దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణించి దిగేవరకు మాకు ఏ ఇబ్బందీ కలగలేదు. రాత్రికి 195 ఆస్ట్రేలియన్ డాలర్ల చొప్పున ముందే చెల్లించిన మోటెల్ గదిలో మాత్రం ఏసీ వేడిగాలినే ఊదింది. అక్టోబరు ఎండకు కాగిన రేకుల పైకప్పు చల్లారేసరికి అర్ధరాత్రి దాటింది. గది మార్చమంటే అదనంగా 40 డాలర్లు కట్టాలన్నారు. డబ్బు వాపసు ఇవ్వమంటే, రద్దుకు వీలులేని బుకింగ్ అంటూ నిబంధన చూపించారు. పనిచేయని ఏసీ గదికి పూర్తి అద్దె పుచ్చుకుని, ఆపైన నిబంధనలు చదివి వినిపించడం అన్యాయం. ఆ కోపం నాకు ఇంకా తీరలేదు. రైల్వేలో పనిచేసి విరమించిన మా మామగారు పొద్దున్నే, "తిరుగు రైలు ఎప్పుడమ్మా?" అని కూతురిని అడిగారు. మనిషికి 22 డాలర్లు తీసుకుని పెట్టిన చల్లటి రొట్టెలను ఆయన ముట్టనైనా ముట్టలేదు.

ఆయన ముభావం మ్యూజియంలోని పాత హ్యాంగరులో, అంటే విమానాల షెడ్డులో, గైడు చెప్పిన మాటలతో పోయింది. 1922 నవంబరు 2న మొదలైన క్వాంటాస్ తొలి నియమిత సర్వీసు చార్లెవిల్ నుంచి లాంగ్‌రీచ్ మీదుగా క్లాంకరీకి నడిచింది. ఆ మూడూ రైలు సౌకర్యం ఉన్న ఊళ్లే. అయితే తీరం నుంచి లోపలికి వేసిన ఆ మూడు రైలు మార్గాలకూ అక్కడ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. ఒక ఊరి నుంచి ఇంకొక ఊరికి నేరుగా వెళ్లాలంటే, వానొస్తే బురదలో చక్రాలు దిగబడే బాటలే గతి. పట్టాలు కలపని ఊళ్లను టపా సంచులతో విమానం కలిపిందని వినగానే మామగారు గైడు పక్కకు చేరి ప్రశ్నలు మొదలుపెట్టారు. ప్రభుత్వం టపా రవాణాకు ఇచ్చిన సబ్సిడీయే తొలినాళ్లలో ఆ చిన్న కంపెనీని నిలబెట్టింది.

హడ్సన్ ఫిష్, పాల్ మెక్‌గిన్నెస్ అనే ఇద్దరు మాజీ యుద్ధ వైమానికులు 1919లో విమానాలు దిగగల చోట్లను వెతుకుతూ ఫోర్డు కారులో ఈ ప్రాంతమంతా తిరిగారు. దారీ తెన్నూ లేని ఆ ప్రయాణమే ఇక్కడ విమానం ఎంత అవసరమో వారికి నేర్పింది. పశుపోషకుడైన ఫెర్గస్ మెక్‌మాస్టర్ పెట్టుబడి కూడగట్టగా, 1920 నవంబరు 16న కంపెనీ నమోదైంది. నన్ను అన్నిటికన్నా కదిలించినది తొలి ప్రయాణికుడు అలెగ్జాండర్ కెనెడీ కథ. యౌవనంలో ఎడ్లబళ్లతో ఈ మెట్టసీమకు వలస వచ్చిన ఆ పెద్దాయన, 84వ ఏట, పైకప్పైనా లేని విమానంలో లాంగ్‌రీచ్ నుంచి క్లాంకరీకి ఎగిరి వెళ్లాడు. ఈ హ్యాంగరులోనే 1926 నుంచి డి.హెచ్.50 విమానాలను లైసెన్సు మీద స్వయంగా తయారుచేసుకున్నారు. విడిభాగాలు ఓడల్లో రావలసిన కాలంలో, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన కుదిరిన ఆ పనితనమే తరువాతి విస్తరణకు పునాది అని నా నమ్మకం.

1930లో ప్రధాన కార్యాలయం బ్రిస్బేన్‌కు మారింది. 1934లో బ్రిటన్‌కు చెందిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌తో భాగస్వామ్యం కుదిరి, మరుసటి ఏడాదికల్లా ప్రయాణికులు సింగపూర్ దాకా వెళ్లసాగారు. రెండవ ప్రపంచ యుద్ధంలో సింగపూర్ జపాన్ వశం కావడంతో ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు, 1943 నుంచి 1945 వరకు, పెర్త్ నుంచి సిలోనుకు (నేటి శ్రీలంకకు) కాటలీనా నీటి విమానాలను రేడియో మౌనంగా ఉంచి నడిపారు. ఇరవై నాలుగు గంటలకు మించి గాలిలోనే ఉండవలసి రావడంతో, ఒకే ప్రయాణంలో రెండు సూర్యోదయాలు కనిపించేవి. చాలామంది సందర్శకులు ఈ ఘట్టాన్ని గబగబా దాటిపోవడం చూసి బాధ కలిగింది. ప్రాంతీయ సంస్థ ఖండాంతర ప్రయాణాలకు తన సత్తా చాటుకున్నది ఇక్కడే కదా. 1947లో ప్రభుత్వం సంస్థను పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. ఆ డిసెంబరులోనే సిడ్నీ–లండన్ కాన్‌స్టెలేషన్ విమాన సర్వీసు మొదలైంది. ప్రయాణానికి నాలుగు రోజులు పట్టేది. 2018లో పెర్త్ నుంచి లండన్‌కు ఎక్కడా ఆగకుండా వెళ్లే విమాన సర్వీసు మొదలైంది.

బయట 2002లో ఇక్కడికి ఎగిరి వచ్చిన బోయింగ్ జంబో 747, దాని దగ్గరలో బోయింగ్ 707 ఉన్నాయి. నడుముకు తాడు కట్టి జంబో రెక్క మీద నడిపించే టూరుకు విడిగా టికెట్టు కొనాలి. నాకది ఎంతో నచ్చింది. ఎత్తంటే భయపడే మా ఆవిడ కింద నీడలో ఉండిపోయి, నేను ఆలస్యం చేశానని అలిగింది. నా సలహా ఏమిటంటే, వచ్చీ రాగానే జంబో దగ్గరికి పరుగెత్తకుండా ముందు హ్యాంగరుకు కనీసం ఒక గంట కేటాయించండి, ఆ తరువాతే పెద్ద విమానాలు ఎక్కండి. కారుంటే, సుమారు 180 కిలోమీటర్ల దూరంలో ఉన్న వింటన్‌కూ వెళ్లవచ్చు. తొలి బోర్డు సమావేశం 1921 ఫిబ్రవరిలో అక్కడే జరిగింది. అక్కడి వేసవి నెలలను తప్పించి, అక్కడ చల్లగా ఉండే మే నుంచి ఆగస్టు మధ్యలో వెళ్లండి. గదికి డబ్బు కట్టేముందు మాత్రం, బుకింగ్ రద్దు చేస్తే వాపసు ఇస్తారో లేదో కనుక్కుని, ఇవ్వరని తెలిస్తే ఇంకొక చోటు చూసుకోండి.