బడికి పిల్లలు: మన కారులోనా, బడి బస్సులోనా?

ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీలో ఆదిమవాసుల ఊళ్లకు టీచర్లుగా వస్తున్న తెలుగువాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది: బడికి వెళ్తూ పిల్లల్ని మన కారులో ఎక్కించుకోవచ్చా, బస్సుకే వదిలేయాలా? ఓకర్ కార్డు ఉంది కదా అంటారు. అది పిల్లలతో పని చేయడానికి అనుమతి, అంతే. ఏడేళ్లలోపు వాళ్లకు తగిన సీటు ఉండాలి. పైగా ఒకరు ఎక్కితే ఆరుగురు పరుగెత్తుకొస్తారు, కారులో బెల్టులేమో నాతో కలిపి ఐదు.

ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి వాయవ్యంగా వార్ల్‌పిరి అనే ఆదిమవాసుల ఊళ్లో మొదటి టర్మంతా నేను కారులోనే తెచ్చాను. ఇప్పుడు బస్సు పక్షం.

ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే పావుగంట. దూరం ఎవరికీ సమస్య కాదు. పిల్ల రాత్రి ఎవరింట్లో పడుకుందో తెలియాలి, అదీ అసలు పని. మనకు పెద్దమ్మ, పిన్ని ఉన్నట్టే వార్ల్‌పిరి వాళ్లకూ తల్లి అక్కచెల్లెళ్లు అమ్మలే. నిన్న ఒక అమ్మ దగ్గర, ఇవాళ ఇంకో అమ్మ దగ్గర. నేను రిజిస్టరులో ఉన్న ఇంటి ముందు హారన్ కొడితే కుక్కలు మాత్రం వచ్చేవి. బస్సులో పసుపు చొక్కా ఆవిడ ఉంటుంది. 2014లో ఆస్ట్రేలియా ప్రభుత్వం మొదలుపెట్టిన హాజరు పథకంలో ఊరివాళ్లకే ఇచ్చిన ఉద్యోగం అది. ఏ గుమ్మం దగ్గర ఆగాలో, ఎవరు పోయిన ఇంటి ముందు చప్పుడు చేయకూడదో ఆమెకు ఒకరు చెప్పనక్కర లేదు. నేనైతే ఒకరోజు ఒక పిల్లవాణ్ణి కారులోంచి పేరు పెట్టి గట్టిగా పిలిచాను. అదే పేరుగల పెద్దాయన ఆ వారమే పోయాడు. వాకిట్లో అందరూ తలలు దించుకున్నారు. పోయినవాళ్ల పేరు పలకకూడదని, అలాంటప్పుడు ఆ పేరుగలవాళ్లను కుమంజాయి అని పిలవాలని తర్వాత తెలిసింది.

ఇంకోటి కూడా ఉంది. అధికారులు బండ్లలో వచ్చి ఆదిమవాసి తల్లుల దగ్గర నుంచి పిల్లల్ని తీసుకుపోయిన దేశమిది. 1970ల దాకా సాగింది. బయటివాళ్ల కారులోకి మనవరాలు ఎక్కుతుంటే ఒక ముసలమ్మ మనసులో ఏం మెదులుతుందో నేను ఆ టర్మంతా ఆలోచించనే లేదు.

బస్సుకు తిప్పలు లేకపోలేదు. చెడిపోతే బాగుచేసేవాడు ఆలిస్ నుంచి రావాలి. సారీ బిజినెస్, అంటే చావు కార్యం, ఉంటే డ్రైవరే ఉండడు. అలాంటి రోజున ప్రిన్సిపాల్‌కు చెప్పి, పసుపు చొక్కా ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కారు తీస్తాను.

నడక చలికాలంలో బాగుంటుంది, నవంబరులో నలభై డిగ్రీలు. ట్రక్కు వెనక తొట్టి గురించి అడగనే వద్దు, చట్టం ఒప్పుకోదు.

నేనూ బస్సులోనే వస్తాను, కొన్ని రోజులు తప్ప. ఊరు నాకిచ్చిన వర్గం పేరు నకమర్ర, ఇక్కడ వరసలన్నీ వర్గాన్ని బట్టే. జంగల వర్గం మగవాళ్లు నాకు వరసకు అల్లుళ్లు, అత్త ఉన్న బండిలో అల్లుడు కూర్చోడు. మన పాత ఇళ్లలో అత్తగారు తలుపు చాటు నుంచే మాట్లాడేది కదా, అలాగే. జంగల డ్రైవరు వచ్చిన రోజు బస్సు నన్ను దాటి వెళ్లిపోతుంది, పిల్లలు కిటికీల్లోంచి చేతులూపుతారు, నేను ఆ దుమ్ములో నడిచి వస్తాను.