ఏఐ శిక్షణ: వద్దంటే ఆపడమా, సరేనంటేనే వాడడమా? ఏది మేలు?

కథలు రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు ఈమధ్య నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. మన పనితో ఏఐకి శిక్షణ ఇచ్చే విషయంలో ఏ పద్ధతి మనకు మేలు? అసలు పోటీ రెండింటి మధ్యే. వద్దన్నవాళ్లవి వదిలేయడం ఒకటి, సరేనన్నవాళ్లవే తీసుకోవడం రెండోది.

మొదటిది యూరప్ దారి. యూరోపియన్ యూనియన్ 2019లో సభ్య దేశాలకు ఇచ్చిన కాపీరైట్ ఆదేశం (డైరెక్టివ్) ప్రకారం, హక్కుదారు ముందే అభ్యంతరం చెప్పకపోతే, చట్టబద్ధంగా అందుబాటులో ఉన్నదాన్ని డేటా మైనింగ్‌కు, అంటే కంప్యూటర్‌తో పెద్దఎత్తున సమాచారాన్ని విశ్లేషించడానికి వాడుకోవచ్చు. ఏఐ శిక్షణా ఇందులోకే వస్తుంది. ఈ దారిని సమర్థించేవాళ్లు అనేది ఇది: కోట్ల పేజీల్లో ఎవరిది ఏదో వెతికి అడగడం చిన్న పరిశోధక బృందాల వల్ల అయ్యే పని కాదు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

అయినా నా ఓటు రెండోదానికే. ఒకసారి నేర్చుకున్నదాన్ని ఏఐ మోడల్ చేత పూర్తిగా మరిపించడం చాలా కష్టం. అల్మరాలోంచి పుస్తకం తీసినట్టు తీయలేం. మన వాక్యాలు కోటానుకోట్ల అంకెల్లో కలిసిపోయి ఉంటాయి. కచ్చితంగా తీసేయాలంటే శిక్షణ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అంటే మనం వద్దనే మాట శిక్షణకు ముందు చెబితేనే పనిచేస్తుంది. ఆ శిక్షణ ఎప్పుడు మొదలవుతుందో మనకు ఎవరు చెబుతారు? పైగా సమాచారం సేకరించే ప్రోగ్రాములను రావద్దని చెప్పే రోబోట్స్ ఫైల్‌ను సైట్‌లో పెట్టే అధికారం సైట్ యజమానిది, రచయితది కాదు. ఒకే కథ నాలుగుచోట్ల ఉంటే నాలుగుచోట్లా అడ్డుకోవాలి.

డబ్బు సంగతిలో చాలామంది ఒకటి పొరబడుతున్నారు. 2025లో ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ అమెరికా రచయితలతో 150 కోట్ల డాలర్లకు, పుస్తకానికి సుమారు 3,000 డాలర్ల చొప్పున రాజీపడింది. అది శిక్షణకు ఇచ్చిన ఫీజు కాదు. కొన్న పుస్తకాలతో శిక్షణ ఇవ్వడం న్యాయమైన వాడకమేనని (ఫెయిర్ యూజ్, అంటే అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే వాడకం) ఆ కేసులో జడ్జి అంతకుముందే అన్నారు. రాజీ కుదిరింది పైరసీ సైట్ల నుంచి తెచ్చుకున్న కాపీల మీద. శిక్షణకే ప్రతిఫలం కావాలంటే, ముందు మన అనుమతి అవసరమని ఉండాలి. అప్పుడే బేరం ఆడగలం.

ఇందులోనూ చిక్కుంది. అనుమతి ఇచ్చేది ఎక్కువగా ప్రచురణకర్తలు. ఆ డబ్బులో రచయిత వాటా ఎంతో ఒప్పందాన్ని బట్టే.

ఈ రెండూ కాక వేరే దారులూ ఉన్నాయి. జపాన్ 2018 కాపీరైట్ చట్ట సవరణతో, అనుమతి లేకుండానే శిక్షణకు వాడుకునేలా దాదాపు తలుపులు తెరిచేసింది. మనకు అందులో మిగిలేది తక్కువ. తప్పనిసరి లైసెన్స్, అంటే డబ్బు కడితే మన అనుమతి లేకుండానే వాడుకోనిచ్చే పద్ధతి పెడితే రాయల్టీ వస్తుంది కానీ కాదనే హక్కు పోతుంది.

కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఏఐ శిక్షణ హక్కు ఎవరిదని రాశారో చూడండి. ఏమీ రాయకపోతే, అది మీదేనని రాయించుకోండి.