జార్జియా పల్లె కొట్టు పాత ఖాతా పుస్తకాలు కొనేవారికి హెచ్చరిక

అట్లాంటా చుట్టుపక్కల ఉంటూ పాత కాగితాలు, నాణేలు, కొట్టు సామాన్లు సేకరించే తెలుగువారికి, ముఖ్యంగా ఎస్టేట్ సేల్‌లలోనూ (ఇంట్లోని పాత సామానంతా అమ్మే అమ్మకాలు) ఆన్‌లైన్ వేలాల్లోనూ కొత్తగా కొనడం మొదలుపెట్టినవారికి ఇది రాస్తున్నాను. గత నవంబరులో నేను 425 డాలర్లు పెట్టి, "1909 నాటి దక్షిణ జార్జియా పల్లె కొట్టు సామగ్రి" అన్న ప్రకటన చూసి ఒక పెట్టె కొన్నాను. అందులో ఆకుపచ్చ గుడ్డ అట్ట వేసిన ఖాతా పుస్తకం ఒకటి, ఇత్తడి టోకెన్లు (నగదుకు బదులు కూలీలకు ఇచ్చిన బిళ్లలు) ఆరు, పోల్ ట్యాక్స్ (తలపన్ను) రసీదులు రెండు, పోస్టులో సరుకులు అమ్మిన సియర్స్ కంపెనీ కేటలాగు ఒకటి ఉన్నాయి. వీటిలో ఒక్కటి కూడా చెప్పిన కాలానిది కాదు. అమ్మినవారి మీద ఫిర్యాదు నడుస్తున్నందువల్ల పేరు ఇక్కడ రాయడం లేదు. కానీ అదే తీరు పెట్టెలు మళ్లీ అమ్మకానికి వస్తున్నాయి కాబట్టి, వాటిని ఎలా గుర్తుపట్టాలో మాత్రం వివరంగా చెబుతాను.

నేను ఈ పెట్టె మీద మనసు పడటానికి ఒక కారణం ఉంది. గుంటూరు జిల్లాలో మా తాతగారికి కిరాణా కొట్టు ఉండేది. పత్తి రైతులు ఎరువు, పురుగుమందు, ఇంట్లోకి ఉప్పూపప్పూ అన్నీ అప్పు మీదే తీసుకువెళ్లేవారు, పత్తి తీత అయ్యి సరుకు అమ్ముడయ్యాకే పద్దు తీర్చేవారు. చిట్టాలో రోజువారీ లెక్క, ఆవర్జాలో మనిషి పేరు మీద లెక్క రాసుకునే ఆ ఎర్ర గుడ్డ పుస్తకాలు చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అమెరికా దక్షిణాది పత్తి ఊళ్లలోనూ ఇదే పద్ధతి నడిచిందని చదివినప్పటి నుంచి, అలాంటి అసలు పుస్తకం ఒక్కటైనా చేత్తో పట్టుకోవాలని కోరిక. ఆ కోరికే నన్ను తొందరపెట్టింది.

అసలు పుస్తకంలో ఏముంటుందో ముందు చెప్పాలి, ఎందుకంటే నకిలీ బయటపడేది అక్కడే. అంతర్యుద్ధం తరువాత జార్జియా, అలబామా, మిసిసిపీ పల్లెల్లో రైతు చేతిలో నగదు ఉండేది కాదు, దగ్గరలో బ్యాంకు కూడా అరుదే. అందుకని ఊళ్లోని జనరల్ స్టోర్ యజమాని, ఇంకా నాటని లేదా ఇంకా కోయని పంటను తాకట్టు పెట్టించుకుని, ఏడాది పొడుగునా సరుకులు అప్పు ఇచ్చేవాడు. ఆ తాకట్టు కౌంటీ కోర్టు భవనంలో నమోదయ్యేది. కొట్టులో ప్రతి సరుకుకూ నగదు ధర ఒకటి, అప్పు ధర మరొకటి ఉండేవి. అప్పు ధర ఎంత ఎక్కువ ఉన్నా రైతు ఆ కొట్టును వదిలి ఇంకొక కొట్టుకు పోలేడు, పంట తాకట్టులో ఉన్నది ఇక్కడే కాబట్టి. వసంతంలో గువానో బస్తాలు (అక్కడి రైతులు కొనుగోలు ఎరువు ఏదైనా గువానో అనే పిలిచేవారు), నాగలి కర్రులు, కంచరగాడిద మెడపట్టీలు, ఏడాదంతా మొక్కజొన్న పిండి, ఉప్పులో ఊరవేసిన పంది కొవ్వు, చెరకు పాకం, కిరసనాయిలు, నశ్యం, చీటీ గుడ్డ, ఇలా ఖర్చు వైపు పద్దులు పేరుకుపోతూనే ఉంటాయి. జమ వైపు మాత్రం నెలల తరబడి దాదాపు ఖాళీ. సెప్టెంబరులో పత్తి జిన్నుకు (గింజ తీసే మిల్లుకు) చేరి, 500 పౌండ్ల లెక్కన బేళ్లు కట్టాక, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా జమలు పడతాయి. చాలామందికి అప్పటికీ లెక్క తేలదు. మిగిలిన బాకీ మరుసటి ఏడాది మొదటి పద్దుగా మారుతుంది.

నేను కొన్న పుస్తకంలో ప్రతి రైతూ ప్రతి నెలా ఒకటో తారీఖున బాకీ మొత్తం తీర్చేశాడు. మే నెల ఒకటి, జూన్ ఒకటి, జూలై ఒకటి, అన్నీ నగదే, పూర్తిగా చెల్లు. జూలైలో పత్తి ఇంకా చేలోనే ఉంటుంది. నెల జీతం అందుకుని క్రెడిట్ కార్డు బిల్లు కట్టే ఈ కాలపు మనిషి ఊహించి రాసిన లెక్క అది. మా తాతగారికి ఇంగ్లీషు రాదు గానీ, ఆ అంకెలు రెండు పేజీలు చూపించి ఉంటే, ఇది పత్తి ఊరి పుస్తకం కాదని ఆయన అక్కడే చెప్పేసేవారు. నాకు మాత్రం మూడు వారాలు పట్టింది.

నిజానికి నాకు మొదటి అనుమానం వచ్చింది వేరే చోట. 1909 జూన్ పద్దుల్లో "కాల్షియం ఆర్సినేట్, 50 పౌండ్లు" అని ఉంది. అది బోల్ వీవిల్ అనే ముక్కు పురుగు మీద చల్లే పొడి. ఆ పురుగు 1892 ప్రాంతంలో మెక్సికో నుంచి టెక్సాస్‌లోకి వచ్చి, ఏడాదికేడాది తూర్పుకు జరుగుతూ, జార్జియాకు చేరింది 1915లో. కాల్షియం ఆర్సినేట్ పొడిని దాని మీద వాడటం వ్యాప్తిలోకి వచ్చింది అంతకన్నా కాస్త తరువాత, 1918 ప్రాంతం నుంచి. ఆ పురుగు దెబ్బకు జార్జియాలో 1914లో 52 లక్షల ఎకరాలున్న పత్తి సాగు 1923 నాటికి 26 లక్షల ఎకరాలకు పడిపోయింది. రాష్ట్రంలోకి ఇంకా రాని పురుగుకు, ఇంకా వాడుకలోకి రాని మందు, ఆరేళ్లు ముందుగా ఏ కొట్టువాడూ అమ్మి ఉండడు. అది చూశాక క్యాలెండరు తీశాను. 1909 మే నెలలో 2, 9, 16, 23, 30 తారీఖులు ఆదివారాలు. ఈ పుస్తకంలో ఆ అయిదు రోజులూ అమ్మకాలు ఉన్నాయి. ఆదివారం వ్యాపారాన్ని చట్టమే నిషేధించిన జార్జియాలో, ఊరంతా చర్చికి వెళ్లే రోజున కొట్టు తెరిచి లెక్క రాసుకోవడం జరిగే పని కాదు. అసలు పుస్తకాల్లో కిటకిటలాడేది శనివారం పేజీ.

ఇక కాగితం సంగతి. పేజీల అంచులన్నీ ఒకే తీరుగా గోధుమరంగులో ఉన్నాయి, కానీ కుట్టు దగ్గర పుస్తకాన్ని బాగా విప్పి చూస్తే లోపలి మడత తెల్లగా ఉంది. వయసు వల్ల వచ్చే రంగు అంచు నుంచి లోపలికి మెల్లగా పలచబడుతుంది, ఒక్కసారిగా ఆగిపోతే టీ నీళ్లలోనో కాఫీలోనో ముంచారని అనుమానించాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ వాసన ఇంకా ఉంది. చీకటి గదిలో పన్నెండు డాలర్ల అతినీలలోహిత టార్చి వేశాను. నీలిమందు పెట్టి ఉతికిన చొక్కా ఎండలో మెరిసినట్టు, పేజీ మధ్య భాగం నీలితెలుపుగా వెలిగింది. కాగితానికి ఆ వెలుగు ఇచ్చే రసాయనాలు కాగితం మిల్లుల్లో విరివిగా వాడటం మొదలైంది 1950 ప్రాంతం నుంచి. 1909 నాటి కాగితం ఆ వెలుతురులో మసకగా, చప్పగా ఉండిపోతుంది. సిరా కూడా అంతే. ఆ కాలపు ఇనుప సిరా ఏళ్లు గడిచేకొద్దీ కాగితంలోకి దిగి, కొన్నిచోట్ల వెనక పేజీకి తేలుతుంది. ఈ పుస్తకంలోది పైపైన అద్దిన గోధుమరంగు సిరా, తడి వేలితో రుద్దితే వచ్చేసింది.

పోల్ ట్యాక్స్ రసీదుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇవి ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి, నకిలీ చేయడమూ తేలిక. జార్జియాలో ఏడాదికి ఒక డాలరు తలపన్ను కట్టినవారికే ఓటు. 1877 రాష్ట్ర రాజ్యాంగం తరువాత పాత బాకీలు మొత్తం తీరిస్తే గానీ ఓటు దక్కేది కాదు. దానికి తోడు 1908లో చదువు, ఆస్తి షరతులు కూడా పెట్టి నల్లజాతి వారిని ఓటర్ల జాబితాల నుంచి దాదాపు పూర్తిగా తొలగించారు. ఈ పన్నును రాష్ట్రం 1945లో రద్దు చేసింది. నాకు వచ్చిన రెండు రసీదుల్లో ఒకటి 1911 తారీఖుతో ఒక స్త్రీ పేరు మీద ఉంది. అప్పట్లో ఈ పన్ను మగవారి మీద వేసేది, స్త్రీల ఓటు హక్కు దేశ రాజ్యాంగంలోకి ఎక్కింది 1920లో. ఇంకొక రసీదు మీద "ఆల్ఫరెటా, ఫుల్టన్ కౌంటీ" అని అచ్చు వేసి ఉంది. మనవాళ్లు ఇంతమంది నివసించే ఆల్ఫరెటా, 1931 ఆఖరు దాకా మిల్టన్ కౌంటీ ముఖ్యపట్టణం. ఆ కౌంటీ 1932 జనవరిలోనే ఫుల్టన్‌లో కలిసింది. ఇలాంటి కాగితం ఏది చూసినా, కౌంటీ పేరు ఆ ఏడాదికి ఉందా లేదా అని మొదట చూడండి. ఉదాహరణకు పీచ్ కౌంటీ ఏర్పడింది 1924లో, కుక్ కౌంటీ 1918లో.

టోకెన్లు అచ్చు పోసినవి, అంచు చుట్టూ సన్నటి అతుకు గీత చేతికి తగులుతుంది, ఉపరితలం గరుకు. మిల్లులూ కలప కంపెనీలూ కూలీలకు ఇచ్చిన అసలు టోకెన్లు దిమ్మె కొట్టి తీసినవి, అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. నకలు టోకెన్ తయారుచేస్తే దాని మీద "కాపీ" అని ముద్ర ఉండాలని 1973 నుంచి కేంద్ర చట్టం చెబుతోంది. వీటి మీద లేదు. కేటలాగు 1908 నాటి సియర్స్ సంచికకు 1960ల చివర వేసిన పునర్ముద్రణ. కొత్త ప్రచురణకర్త వివరాలున్న మొదటి ఆకు చింపేసి, ఆ చింపిన అంచు కనిపించకుండా జిగురు పెట్టారు.

డబ్బు పోయినందుకు బాధ లేదని చెప్పను. కానీ నన్ను ఎక్కువ కలచివేసింది ఇంకొకటి. అసలు ఖాతా పుస్తకాల్లో నల్లజాతి కౌలు రైతుల పేర్లు, వారి బాకీలు, వారు కొన్న బూట్లు, మందు సీసాలు నమోదై ఉంటాయి. ఓటర్ల జాబితాలో లేని, భూమి పట్టాల్లో లేని మనిషి పేరు కొన్నిసార్లు మిగిలింది ఆ కొట్టు పుస్తకంలోనే. వారి మునిమనవలు ఇప్పుడు తమ పూర్వీకుల జాడ కోసం ఆ పుస్తకాలు వెతుకుతున్నారు. మన కుటుంబాలు వేలల్లో ఇళ్లు కొనుక్కున్న ఫోర్సైత్ కౌంటీ నుంచి 1912లో వెయ్యిమందికి పైగా నల్లజాతి ప్రజలను, దాదాపు అక్కడున్న అందరినీ, బెదిరించి తరిమేశారు. అలాంటి నేల మీద, ఎవరూ అప్పుల్లో లేని, అందరూ నెలనెలా హాయిగా బాకీ తీర్చేసిన ఊరిని కల్పించి పుస్తకంగా అమ్మడం నా దృష్టిలో చాలా పెద్ద తప్పు. నేను ఆ పుస్తకాన్ని మా అమ్మాయి బడి ప్రాజెక్టుకు ఇచ్చి ఉంటే, పిల్లలు దాన్నే చరిత్ర అనుకునేవారు.

డబ్బు విషయంలో నేను చేసిన పొరపాటు కూడా దాచకుండా చెబుతాను. వేలం ద్వారా కాకుండా నేరుగా పంపితే 40 డాలర్లు తగ్గిస్తానని అమ్మినవారు అన్నారు. స్నేహితులకు, బంధువులకు పంపే పద్ధతిలో ఫోను యాప్‌తో పంపాను. ఆ పద్ధతిలో కొనుగోలుదారుకు రక్షణ ఉండదు. సరుకు తిరిగి తీసుకోమంటే "ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను" అని ఒక్క ముక్క జవాబు వచ్చి, తరువాత మాటామంతీ లేదు. అదే క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, బిల్లు పంపిన 60 రోజుల్లోగా కార్డు కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపే హక్కు ఉండేది. ఇప్పుడు జార్జియా అటార్నీ జనరల్ కార్యాలయంలోని వినియోగదారుల రక్షణ విభాగానికీ, ఎఫ్‌బీఐ ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల కేంద్రానికీ కాగితాలు పంపాను. మీకూ ఇలా జరిగితే ప్రకటన ఫొటోలు, సంభాషణ, పార్సిల్ మీది చిరునామా చీటీ, ఏదీ తీసేయకుండా భద్రపరచండి. అమ్మకం అయిన మర్నాడే నేను చూసిన ప్రకటన పేజీ మాయమైంది.

కొనేముందు అమ్మేవారిని మూడు అడగండి: జమలు పడే కాలమైన సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు ఉన్న పేజీల ఫొటోలు, కుట్టు దగ్గర లోపలి మడత ఫొటో, అతినీలలోహిత వెలుతురులో తీసిన ఫొటో. అసలు పుస్తకం ఉన్నవారు వీటికి అభ్యంతరం చెప్పరు. ఒకవేళ పుస్తకం మీద కోర్టు ముద్రో, కౌంటీ అధికారి ముద్రో నిజంగానే కనిపిస్తే ఇంకొక చిక్కు ఉంది. అది ప్రభుత్వ రికార్డు అయి ఉండవచ్చు, ఎవరి చేతికి చేరినా ప్రభుత్వం వెనక్కి అడగవచ్చు. అలాంటప్పుడు కొనకుండా మోరోలోని జార్జియా ఆర్కైవ్స్‌కు ఫోను చేసి అడగడం మంచిది.

నా దగ్గరున్న పుస్తకం ప్రతి పేజీ మీద చెరగని సిరాతో "నకిలీ" అని రాసేశాను, కాబట్టి ఇది మళ్లీ సంతకు రాదు. అయితే గత వారం అదే చేతిరాతతో, 1911 తారీఖుతో, ఇంకొక పుస్తకం అమ్మకానికి కనిపించింది. గుర్తులు ఇవి: ఆకుపచ్చ గుడ్డ అట్ట, వీపు మీద ఎర్ర తోలు ముక్క, మొదటి పేజీ కుడి మూలన గుర్రపు లాడం ఆకారంలో సిరా మరక. నా పుస్తకంలోనూ ఆ మరక అదే మూలన, అదే కొలతతో ఉంది.